గోఖలే రోడ్డు పరీక్షలు

8, గోఖలే రోడ్డు, కలకత్తా-20. నాగార్జునసాగర్ కుడి కాలువ క్యాంపుల్లో పనిచేసిన డిప్లొమా సూపర్వైజర్లలో ఈ చిరునామా నోటికి రానివాడు మా రోజుల్లో తక్కువ. ఆ భవనాన్ని కళ్ళతో చూసినవాడు ఇంకా తక్కువ. అది ఇనిస్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వారిది. మా పరీక్ష ఫీజు డ్రాఫ్టులు అక్కడికి వెళ్ళేవి, ఏడాదికి రెండుసార్లు ఫలితాలు అక్కణ్ణుంచి వచ్చేవి. మధ్యలో జరిగేదంతా ఎవడి చావు వాడు చావడమే. పాఠం చెప్పేవాడు లేడు, హాజరుపట్టీ లేదు, బెంచీ లేదు. పేపరు రాసి పాసైతే ఆ పేపరు నీ ఖాతాలో పడుతుంది. ఒకసారి పడ్డాక మళ్ళీ రాయక్కర్లేదు. ఈసారి రెండు, వచ్చేసారి ఒకటి, మరోసారి ఏమీ లేదు. అలా పేపరూ పేపరూ కూడబెట్టి ముందు సెక్షన్ ఎ, తర్వాత సెక్షన్ బి ముగిస్తే పేరు పక్కన ఎ.ఎమ్.ఐ.ఇ. అని రాసుకోవచ్చు. ఉద్యోగాలకూ ప్రమోషన్లకూ ప్రభుత్వం దాన్ని బి.ఇ.తో సమానంగా లెక్కగట్టేది.

నేను 1971లో సూపర్వైజరుగా చేరి, 2008లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఈ రెండిటికీ మధ్య మెట్టు వేసింది ఆ పరీక్షే. ఇప్పటి కుర్రాళ్ళకు దాని పేరు తెలియదు. తెలిసిన కొద్దిమందీ "అదా, దొడ్డిదారి డిగ్రీ" అంటారు. మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర, కాలేజీ కరస్పాండెంటు ఒకాయన నా ఎదుటే ఆ మాటన్నాడు. పక్క విస్తరి దగ్గర కూర్చుని గొడవ ఏం పెట్టుకుంటాం, ఊరుకున్నాను. ఏది వీధివాకిలి, ఏది దొడ్డిదారి అన్న లెక్క మాత్రం ఒకసారి తీయాలనిపించింది.

మన దేశంలో యూనివర్సిటీ పుట్టిందే పరీక్షలు పెట్టడానికి. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు మూడూ 1857లోనే వచ్చాయి. మూడింటికీ నమూనా లండన్ యూనివర్సిటీ. 1836లో ఛార్టరు పుచ్చుకున్న ఆ సంస్థ పని పాఠాలు చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. 1858లో అది ఇంకొక అడుగు వేసింది. వైద్యం లాంటివి మినహాయిస్తే, ఫలానా కాలేజీలో చదివి తీరాలన్న షరతే ఎత్తేసింది. ఎక్కడ చదివావో, ఎవరి దగ్గర చదివావో మాకు అనవసరం, వచ్చి రాయమంది. మన మూడు యూనివర్సిటీలూ అంత దూరం పోలేదు, అనుబంధ కాలేజీల్లో హాజరు అడిగాయి. అయితే వాటికీ చాలాకాలం సొంత తరగతి గది లేదు. మద్రాసు యూనివర్సిటీ అంటే సెనేటు, రిజిస్ట్రారు, ప్రశ్నపత్రాలు, స్నాతకోత్సవం. పాఠాలు కాలేజీల తలనొప్పి. యూనివర్సిటీలు తాము కూడా బోధన చేపట్టవచ్చని దారి వేసింది 1904 నాటి చట్టం. అంటే దాదాపు అర్ధశతాబ్దం పాటు, మన పెద్దవాళ్ళు గోడకు పటం కట్టించుకున్న బి.ఏ. పట్టా మీద సంతకం పెట్టిన సంస్థ వాళ్ళకు ఒక్క ముక్క పాఠం చెప్పలేదు. వాళ్ళనెవరూ దొడ్డిదారి అనలేదు మరి.

ఆ కాలేజీ హాజరు కూడా అందని వాళ్ళకు 'ప్రైవేటుగా కట్టడం' ఉండేది. మెట్రిక్ కట్టాడు, బి.ఏ. ప్రైవేటుగా కట్టాడు అని మా ఊళ్ళలో మామూలుగా అనుకునేవాళ్ళు. ఎలిమెంటరీ బళ్ళో మాస్టరుగా చేరి, లాంతరు ముందు కూర్చుని బి.ఏ. కట్టి, ఆ తర్వాత ట్రైనింగు పూర్తిచేసి హైస్కూలుకు వెళ్ళినవాళ్ళు ఏ తాలూకాలో వెతికినా దొరికేవాళ్ళు. హిందీ పండిట్లు సరేసరి. 1918లో గాంధీగారు మద్రాసులో మొదలుపెట్టించిన హిందీ ప్రచార సభ, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని వరసగా మెట్లు కట్టి పెట్టింది. బడి గంటతో పనిలేదు, వయసుతో పనిలేదు. మా పిన్ని ఇద్దరు పిల్లల తల్లయ్యాక విశారద దాకా ఎక్కింది. మా తాతయ్యకు అదంతా కాలక్షేపంగానే కనిపించేది, పక్క ఊరి హైస్కూల్లో ఆమెకు నెలజీతం మొదలయ్యేదాకా.

ఆడవాళ్ళ విషయానికొస్తే దుర్గాబాయి దేశ్‌ముఖ్ చదువు నడిచింది ఈ దారినే. ఇంగ్లీషు చదువు మీద నిరసనతో చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. ఉప్పు సత్యాగ్రహపు జైళ్ళ తర్వాత బనారస్ హిందూ యూనివర్సిటీ వారి మెట్రిక్‌కు సొంతంగా చదువుకుని రాశారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ బి.ఏ., మద్రాసులో లా. తాను ఎక్కిన నిచ్చెనను తీసి దాచుకోలేదావిడ. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళలో చేసిన పని తెలుగు అమ్మాయిలను కూర్చోబెట్టి అదే బనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి ప్రైవేటు క్యాండిడేటు అన్న సంగతి మా కాలేజీ కరస్పాండెంటుగారికి చెప్పినా నమ్మడేమో.

ఇక ఇంజనీర్ల సంగతి. ఇంగ్లండులో ఇంజనీరన్నవాడు కాలేజీలో కంటే ముందు పని మీద తయారయ్యాడు. పెద్ద ఇంజనీరు దగ్గర ఫీజు కట్టి శిష్యరికం చేయడం, ఆ తర్వాత సంఘంలో సభ్యత్వం తెచ్చుకోవడం అక్కడి ఆచారం. సభ్యత్వానికి పరీక్ష పెట్టడం తర్వాత కలిసింది. ఆ పద్ధతే ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సర్ థామస్ హాలండ్ అధ్యక్షుడిగా ఇండస్ట్రియల్ కమిషన్ కూర్చుంది. ఇండియాలోని ఇంజనీర్లకు సొంత సంఘం ఉండాలన్న ఆలోచన అప్పుడు ఊపందుకుంది. 1920 సెప్టెంబరు 13న ఇనిస్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ రిజిస్టరైంది. రిజిస్టరైన ఊరు మద్రాసే, వేళ్ళూనుకున్నది కలకత్తాలో. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డు ప్రారంభించాడు. 1928 నుంచి పరీక్షలు, 1935లో రాయల్ ఛార్టరు. ఆ ఇనిస్టిట్యూషన్‌కు 'అసోసియేట్ మెంబరు' అని చెప్పే ఎ.ఎమ్.ఐ.ఇ. అన్న నాలుగక్షరాల తోక నిజానికి చదువు పట్టా కాదు, క్లబ్బు సభ్యత్వం లాంటిది. ఆ సభ్యత్వానికి పెట్టిన పరీక్ష కాలేజీ పరీక్షకు దీటుగా ఉండటం చూసి ప్రభుత్వం డిగ్రీ విలువ కట్టింది.

దానికి అంత గిరాకీ ఎందుకొచ్చిందో తెలియాలంటే అప్పటి సీట్ల సంగతి చూడాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికి తెలుగునాట ఇంజనీరింగు చెప్పే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉస్మానియాలో 1929 నుంచి ఉంది. కాకినాడ, అనంతపురం కాలేజీలు 1946లో మొదలైనవి. వాల్తేరులో ఒకటి. తిరుపతి, వరంగల్లు 1959లో వచ్చాయి. 1965లో హైదరాబాదులో పెట్టినదానికి నాగార్జునసాగర్ ఇంజనీరింగు కాలేజీ అని మా ప్రాజెక్టు పేరే పెట్టారు. 1972లో జె.ఎన్.టి.యు. పుట్టినప్పుడు అందులో కలిసింది. సీట్లేమో గుప్పెడు, కట్టాల్సిన డ్యాములూ కాలవలూ రోడ్లూ బోలెడు. సాగర్‌ను రాతికట్టడంగా కట్టాలని నిర్ణయించడంతో యంత్రాలకన్నా మనుషులే ఎక్కువ కావాల్సి వచ్చారు. రాళ్ళెత్తేవాళ్ళతో పాటు, ఎత్తిన పనిని కొలిచి ఎం.బుక్కులో రాసేవాళ్ళూ కావాలి. ఆ కొలిచేవాళ్ళు పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివి ఎల్.సి.ఇ. తెచ్చుకున్నవాళ్ళు. అంటే మేము.

ఎల్.సి.ఇ. చదివినవాళ్ళం ఎక్కువమంది ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చాం. కొద్దిపాటి మెట్ట సేద్యం, చేతివృత్తి, లేకపోతే మాస్టరు జీతం. ఎస్.ఎస్.ఎల్.సి. మార్కులు చూసి "వీడు ఇంజనీరు కావాల్సినవాడు" అని హెడ్మాస్టరు చెబుతాడు. పి.యు.సి., ఆ తర్వాత ఐదేళ్ళు కాలేజీ అంటే ఇంట్లో లెక్క తేలదు. వెనక చెల్లెళ్ళుంటారు. పాలిటెక్నిక్ అయితే మూడేళ్ళలో జీతం. మా నాన్న ఆ లెక్క వేలు మడిచి వేసి చూపించాడు, నేను కాదనలేదు. ఉద్యోగంలో చేరాక తెలిసింది అసలు తేడా. డిగ్రీ ఉన్న కుర్రాడు జూనియర్ ఇంజనీరుగా దిగుతాడు. నీకన్నా ఐదేళ్ళు చిన్న, లెవెల్ యంత్రానికి బుడగ సరిచేయడం నీ దగ్గరే నేర్చుకుంటాడు. పదేళ్ళు తిరిగేసరికి నీ కొలతలను చెక్ మెజర్‌మెంటు చేసే డి.ఇ.గా జీపులోంచి దిగుతాడు. అతని తప్పేం లేదు. మంచివాడే అయ్యుండొచ్చు కూడా. నువ్వు మాత్రం అదే గట్టు మీద టేపు పట్టుకుని ఉంటావు.

అందుకని క్యాంపుకు ఒక నలుగురైనా ఎ.ఎమ్.ఐ.ఇ.కి పేరు పెట్టుకునేవాళ్ళు. అద్దంకి బ్రాంచి కాలువ మీద మా క్వార్టర్లు ఆస్‌బెస్టాస్ రేకులవి. వేసవిలో పగలు లోపల కూర్చుంటే మెదడు ఉడికిపోయేది. అందుకని చదువంతా తెల్లవారుజామునే. నాలుగింటికి ఏ క్వార్టరులో లైటు వెలిగితే ఆ ఇంట్లో పరీక్ష ఉన్నట్టు. పగలు గట్టు మీద ఎదురుపడితే పలకరింపు కూడా అదే. "ఏమయ్యా, ఎన్నయినయ్?" అంటే పేపర్లు. పిల్లలెందరని కాదు.

పుస్తకాల విషయంలో మాకొక సుఖం ఉండేది. ఎస్.చాంద్ వారి లావుపాటి పుస్తకాలు, ఖుర్మీ, తెరాజా, ఏది తెరిచినా చేసి చూపించిన లెక్కల చివర చిన్న అక్షరాల్లో 'ఎ.ఎమ్.ఐ.ఇ. సమ్మర్', 'ఎ.ఎమ్.ఐ.ఇ. వింటర్' అని సంవత్సరంతో సహా ఉండేది. ఆ పరీక్ష ఏమిటో తెలియని కాలేజీ పిల్లలు కూడా ఆ లెక్కలే చేసుకుని పాసయ్యారు. పాత ప్రశ్నపత్రాలు బైండు చేయించిన కట్ట ఒకటి మా సబ్‌డివిజన్లో చేతులు మారుతూ ఉండేది. బదిలీ అయినవాడు దాన్ని తర్వాతివాడికి ఇచ్చి వెళ్ళేవాడు. మార్జిన్లలో నాలుగు రకాల సిరాలు, నాలుగు చేతిరాతలు. ఒకచోట ఎవరో ఒక లెక్క పక్కన తెలుగులో 'జవాబు తప్పు, పుస్తకాన్ని నమ్మకు' అని రాశాడు. నిజంగానే పుస్తకంలో తప్పే.

సివిలు వాళ్ళమైనా సెక్షన్ ఎ.లో అందరితో పాటు కరెంటు, ఉష్ణశాస్త్రం చదవాల్సిందే. అక్కడే చాలామంది బండి ఆగిపోయేది. డీజిల్ ఇంజను బొమ్మ పుస్తకంలో చూసి, పిస్టను పైకి పోతుందా కిందికి వస్తుందా అని ఊహించుకునే చదువు ఎంతసేపు నిలుస్తుంది? ప్రాజెక్టు వర్క్‌షాపులో అందరం మేస్త్రీ అని పిలిచే మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. రోడ్డు రోలరు ఇంజను విప్పిన రోజున కబురు పంపమని ఆయన్ను అడిగి పెట్టుకున్నాం. ఐదో తరగతి చదివాడో లేదో. నాలుగు స్ట్రోకులూ చేత్తో క్రాంకు తిప్పి చూపించాడు. నల్లపొగ వస్తే నూనె ఎక్కువ పోతున్నట్టు, తెల్లపొగ వస్తే నూనె కాలకుండానే బయటపడుతున్నట్టు అని చెప్పి, "ఈ ముక్క మీ పుస్తకంలో రాశారా సారూ?" అని అడిగాడు. రాశారు, పన్నెండు లైన్ల ఇంగ్లీషులో. మాకది అర్థమైంది మాత్రం ఆయన చేతుల మీద నూనె మరకలతో పాటే.

ఇంకొకటి చెబుతాను, దీని మీద నాకు మమకారం ఎక్కువ. కాలువ ఏటవాలుగా పల్లానికి దిగాల్సిన చోట మేము డ్రాపు కడతాం. పైనుంచి దూకిన నీళ్ళు కింద పల్చటి పలకలా, గాజులా, ఒక్క అల కూడా లేకుండా పరుగెత్తుతాయి. కొన్ని అడుగులు అలా పోయి ఉన్నట్టుండి తలెత్తి నిలబడి నురగలు కక్కుతాయి. ఆ తర్వాత లోతుగా, నిదానంగా సాగుతాయి. పుస్తకంలో దీని పేరు హైడ్రాలిక్ జంప్. దూకిన నీటిలో ఉన్న ఉద్రేకాన్ని అక్కడికక్కడే చంపేసేది అదే. అది డ్రాపు కింద కట్టే స్టిల్లింగ్ బేసిన్ తొట్టి దాటి కాంక్రీటు లేనిచోట జరిగితే మట్టి కొట్టుకుపోయి కాలువ అడుగు గుంటపడుతుంది. నేను రోజూ సైకిలు మీద దాని పక్కనుంచే పోయేవాణ్ణి. పరీక్షకు ఆ చాప్టరు చదువుతున్నప్పుడు ముందు లోతు ఇంతైతే వెనక లోతు ఇంత అని ఒక సూత్రం వచ్చింది. వర్గమూలాలతో చూడటానికి భయంకరంగా ఉంది. ఫ్రూడ్ సంఖ్య అని ఒకటి అందులో.

బట్టీ పట్టబోయి, ఎందుకో కాలువ కాపలా చూసే లస్కరును పిలిచి డ్రాపు దగ్గరికి వెళ్ళాను. రెండు పక్కలా గోడ మీద రంగుతో గేజి గీయించాం. రెగ్యులేటరు దగ్గర ఆ పూట వదిలిన నీరెంతో రిజిస్టరులో ఉంది, కాలువ వెడల్పు మేము కట్టిందే. వెడల్పుతో, లోతుతో భాగిస్తే వేగం వచ్చింది. లాగ్ టేబుల్సు ముందేసుకుని గట్టు మీదే సూత్రంలో వేశాను. వచ్చిన లోతు గోడ మీద గేజికి జానెడులోపు తేడాలో నిలబడింది. ఆ తేడా కూడా నురగ వల్లే, గేజి ఎగిరిపడుతుంటే ఎక్కడ చదవాలో తెలియక. లస్కరు "ఏంది సారూ, నీళ్ళను కాగితం మీద కొలుస్తున్నారు?" అన్నాడు. ఆ ప్రశ్న ఆ ఏడు పేపర్లో రాలేదు, అది వేరే సంగతి. కాలేజీలో చదివిన వాళ్ళకు ఇదే ప్రయోగం ల్యాబులో అడుగు వెడల్పు గాజు తొట్లో చూపిస్తారు. నా తొట్టి పెద్దది. ఎ.ఎమ్.ఐ.ఇ.కి ల్యాబు లేదని ఎగతాళి చేసేవాళ్ళకు నా జవాబు ఇంతే.

అలాగని అదంతా బంగారమని చెప్పను. పరీక్ష కేంద్రం మాకు హైదరాబాదులో పడేది. ఖైరతాబాదులోని విశ్వేశ్వరయ్య భవన్ మాకు గుడి లాంటిదే అయినా, ఆ గుడికి చేరడానికి ముందు లీవు దొరకాలి. కాలువకు నీళ్ళు వదిలే రోజుల్లో లీవు అడగడమే తప్పు. ఆ రోజుల్లోనే వింటరు పరీక్షల ఫీజు కట్టి, ఆఖరి నిమిషంలో గండి పడిందని ఆగిపోయినవాళ్ళను ఎందరినో చూశాను. చెప్పేవాడు లేని చదువుకు ఇంకో కష్టం ఉంది. తప్పినవాడికి ఎందుకు తప్పాడో తెలియదు. మార్కుల కాగితంలో అంకె ఉంటుంది, కారణం ఉండదు. స్ట్రక్చర్సు పేపరు దగ్గర ఏళ్ళకేళ్ళు ఆగిపోయి, చివరికి పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేసినవాళ్ళు పాసైనవాళ్ళకన్నా ఎక్కువ. సంస్థ దాన్ని తన ప్రమాణాలకు గుర్తుగా చెప్పుకునేది. నాకు అందులో సగమే నిజం కనిపిస్తుంది. వందమందిని ఏటికి ఇవతల నిలబెట్టి ఈదినవాడికి పట్టా ఇస్తామంటే, ఈదినవాడు గట్టివాడే. తక్కినవాళ్ళకు ఈత నేర్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. తెల్లవారుజామున పిల్ల ఏడిస్తే చదువు చెడుతుందని మా ఆవిడ చంటిదాన్ని భుజాన వేసుకుని బయట గట్టు మీద తిరిగేది. పాసైనప్పుడు స్వీట్లు పంచింది మాత్రం నేను. మా బ్యాచిలో ఆడవాళ్ళు పరీక్ష రాయడం నేను చూడలేదు. పాలిటెక్నిక్ సివిల్లోనే ఆడపిల్లలు లేనప్పుడు ఎక్కణ్ణుంచి వస్తారు?

పాసైతే ఏమొచ్చేది? ముందు పెళ్ళి శుభలేఖల్లో అక్షరాలు పెరిగేవి. 'ఎల్.సి.ఇ.' పక్కన 'ఎ.ఎమ్.ఐ.ఇ.' చేరితే కట్నం అంకె కూడా కదిలేదని చెప్పడానికి సిగ్గుపడాలి గానీ అది నిజం. ఆ తర్వాత కేడరు. డిగ్రీకి సమానమైన అర్హత తెచ్చుకున్న సూపర్వైజరును జూనియర్ ఇంజనీరు వరసలోకి తీసుకునేవాళ్ళు. ఎవరి వెనక నిలబెట్టాలన్న దగ్గర యుద్ధాలు. సూపర్వైజరుగా చేసిన ఏళ్ళలో కొన్నిటిని సీనియారిటీకి కలపమని వీళ్ళు, కలిపితే మేము వెనకబడతామని నేరుగా వచ్చిన డిగ్రీవాళ్ళు. ఆ తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. తర్వాత పేర్లు మార్చారు. డిప్లొమావాడు అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఎ.ఇ., డిగ్రీవాడు అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఎ.ఇ.ఇ. ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం కోసం మేము పడ్డ పాట్లు వింటే బయటివాళ్ళకు నవ్వొస్తుంది. ఇంకా పైకి చూసినవాళ్ళకు దారి అక్కడితో ఆగలేదు. ఎ.ఎమ్.ఐ.ఇ. తర్వాత గేట్ రాసి ఎం.టెక్. చదివే వీలుండేది. రామచంద్రాపురం భెల్, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, సింగరేణి, ఎక్కడ డిప్లొమావాళ్ళుంటే అక్కడ ఈ పరీక్షలు రాసేవాళ్ళు ఉండేవాళ్ళు.

ఇలాంటిది మనకొక్కరికే ఉన్న వింత కూడా కాదు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం నాటి సైనికుల కోసం మొదలైన ఆలోచన 1967లో కాలేజ్ బోర్డు వారి క్లెప్ పరీక్షలుగా స్థిరపడింది. ఒక సబ్జెక్టు నీకు ముందే వచ్చని పరీక్ష రాసి చూపిస్తే, క్లాసులో కూర్చోకుండానే దాని క్రెడిట్లు ఇచ్చేస్తారు. 1971లో న్యూయార్కు రాష్ట్రం అలా కూడబెట్టిన క్రెడిట్లకు పూర్తి డిగ్రీయే ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటేడు న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళ కోసమే ఒక కాలేజీ పెట్టి, బళ్ళో నిలవని థామస్ ఎడిసన్ పేరు దానికి పెట్టారు. వాళ్ళకూ మాకూ ఒకటే తేడా, కానీ పెద్ద తేడా. వాళ్ళు నాలుగు చోట్ల సంపాదించిన క్రెడిట్లను ఒక చోట పోగేసుకోగలరు. మా పేపర్లు గోఖలే రోడ్డు దాటి ఎక్కడా చెల్లవు. సెక్షన్ ఎ మొత్తం పాసై ఆగిపోయినవాడు ఏ కాలేజీకి వెళ్ళినా మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. చదివిన చదువు సున్నా అయిపోయేది. మన దగ్గర కాస్త గుండె పెద్దది చేసుకున్నది 1982లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఒక్కటే. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటరు లేనివాడు కూడా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరొచ్చంది, పాఠాలు తెలుగులో అచ్చేసి పంపింది. దాని మొదటి వైస్ ఛాన్సలరు జి. రాంరెడ్డి గారు 1985లో ఢిల్లీలో ఇగ్నోకు కూడా మొదటి వైస్ ఛాన్సలరయ్యారు. బడి మొహం చూడని మేస్త్రీలు, గుమాస్తాలు, గృహిణులు మన సార్వత్రికలో బి.ఏ.లయ్యారు. ఇంజనీరింగుకు మాత్రం అందులో తలుపు లేదు.

ఎ.ఎమ్.ఐ.ఇ.ని చంపింది ఎవరని అడిగితే ప్రభుత్వమని చెబుతారు. అంతకుముందే కాలేజీలు చంపేశాయి. 1977లో విజయవాడలో సిద్ధార్థ వారు మొదటి ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ పెట్టారు. తొంభైలు దాటేసరికి పొగాకు బ్యారన్ల పక్కన, ఇటుక బట్టీల పక్కన, ఎక్కడ చూసినా కాలేజీ గేట్లు. డిప్లొమా పాసైనవాడు ఇ-సెట్ రాసి నేరుగా రెండో ఏడు బి.టెక్.లో కూర్చుంటున్నాడు. ఇంకెవడు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు? మా సబ్‌డివిజన్లో పాత ప్రశ్నపత్రాల కట్ట అడిగేవాడు లేక స్టోరురూంలో ఉండిపోయింది. చివరి మాట మాత్రం ఢిల్లీదే. 2013 మే 31 లోపల పేరు నమోదు చేసుకున్నవాళ్ళకే డిగ్రీతో సమానత్వం, ఆ తర్వాతివాళ్ళకు లేదు అని కేంద్రం తేల్చింది. 2017లో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ వర్సిటీలు దూరవిద్యలో అమ్మిన బి.టెక్. పట్టాల మీద విరుచుకుపడింది. అమ్మిన అన్న మాట నాదే, కోర్టుది కాదు. ఆ తీర్పు రాగానే కొందరు కుర్ర ఎ.ఇ.లు నాకు ఫోన్లు చేసి, "సార్, మీ పాతవాటికి కూడా ఇబ్బందా?" అని అడిగారు. గడువులోపల పేరు పెట్టుకుని పాసైన మా పట్టాలు చెల్లుతూనే ఉన్నాయి. ల్యాబు లేని, క్లాసు లేని, ఒట్టి పరీక్ష పట్టా.

ఈమధ్య ఎ.ఐ.సి.టి.ఇ. వారు ఉద్యోగస్తుల కోసం సాయంత్రపు బి.టెక్.లకు కాలేజీలకు అనుమతులిస్తున్నారు. పనిచేసే చోటికి కాలేజీ దగ్గర్లో ఉండాలని షరతు. కాలువ పనుల మీద ఎ.ఇ.గా ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఈ సంగతి నేనే ఉత్సాహంగా ఫోన్లో చెప్పాను. కాలేజీ దూరమేమీ కాదు, బైకు మీద ముప్పావు గంట, లెక్కప్రకారం చేరొచ్చు. వాడు అంతా విని, "ఎండాకాలం మా కాంక్రీటు మొదలయ్యేదే సాయంత్రం ఆరింటికి గదా బాబాయ్" అన్నాడు.